అమెరికాలో పాటలు దేన్నైనా మార్చాయా, మారాక వెనకాల వచ్చాయా?

బెండకాయ_పులుసు
అరవైల నాటి అమెరికా పాటల మీద ఇంకో డాక్యుమెంటరీ చూసి ఒళ్ళు మండి రాస్తున్నా. అన్నిట్లోనూ అదే వరస. ఓ గిటారు, పొడుగు జుట్టు కుర్రాళ్ళు, వియత్నాం హెలికాప్టర్లు, వెనకాల గంభీరమైన గొంతుతో ఆ తరం పాటలతోనే దేశాన్ని మార్చేసిందని ఉపన్యాసం. నిజమా? 1966లో అమెరికా చార్టులో ఐదు వారాలు నంబర్ వన్‌గా కూర్చున్నది 'బ్యాలడ్ ఆఫ్ ది గ్రీన్ బెరెట్స్'. పాడింది బ్యారీ శాడ్లర్, సైన్యంలో సార్జెంటు, వియత్నాంలో గాయపడి వచ్చినవాడు. పాట నిండా సైనికుల కీర్తనే. ఆ ముక్క మాత్రం ఏ డాక్యుమెంటరీలోనూ చెప్పరు. ఒక్క పాట, దానివల్ల జరిగిన ఒక్క మార్పు చూపించండి. "స్ఫూర్తినిచ్చింది" లాంటి జవాబులు వద్దు.

పాతపాటలపిచ్చి
మీకు కావలసిన ఏడాది ఏరుకుంటే ఎలా? అంతకు ముందు ఏడాదే, 1965 సెప్టెంబర్లో, అదే చార్టులో నంబర్ వన్ 'ఈవ్ ఆఫ్ డిస్ట్రక్షన్'. అణుబాంబు భయం, సెల్మా, ఓటు వెయ్యడానికి వయసు చాలని కుర్రాడి చేతికి తుపాకీ ఇవ్వడం, అన్నీ ఉన్నాయి అందులో. చాలా స్టేషన్లు వెయ్యడానికి ఒప్పుకోలేదు. అయినా ఎక్కింది.

బెండకాయ_పులుసు
ఎక్కి ఒక్క వారం ఉంది. సార్జెంటు గారు ఐదు వారాలు.

రేవతి_బ్రూక్లిన్
అరవైల దగ్గరే ఎందుకు ఆగారు? 1939కి వెళ్దాం. 'స్ట్రేంజ్ ఫ్రూట్'. దక్షిణాదిలో నల్లవాళ్ళని చెట్లకి ఉరి తీసేవాళ్ళు కదా, ఆ శవాల గురించిన పాట. రాసింది ఏబెల్ మీరోపోల్, బ్రాంక్స్‌లో స్కూల్ టీచరు. పాడింది బిల్లీ హాలిడే, న్యూయార్క్‌లో కెఫే సొసైటీ అనే క్లబ్బులో. ఆ పాట ఎలా పాడేవారో వినండి. రాత్రి అదే ఆఖరి పాట. మొదలయ్యే ముందు వెయిటర్లు సర్వింగ్ ఆపేయాలి. గ్లాసు చప్పుడు కూడా ఉండకూడదు. హాలంతా చీకటి, ఆవిడ మొహం మీద మాత్రం ఒక్క దీపం. పాట అయిపోగానే ఆ దీపం కూడా ఆర్పేస్తారు. మళ్ళీ వెలిగేసరికి ఆవిడ ఉండదు. ఎంత చప్పట్లు కొట్టినా తిరిగి రాదు.

ఆవిడ రికార్డులు వేసే కొలంబియా కంపెనీ ఈ పాట మాత్రం మావల్ల కాదంది. కమడోర్ అనే చిన్న లేబుల్‌లో రికార్డు చేశారు. ఆ క్లబ్బు సంగతి కూడా చెప్పాలి. హార్లెంలో కాటన్ క్లబ్ లాంటి పేరున్న చోట వేదిక మీద నల్లవాళ్ళు, కుర్చీల్లో తెల్లవాళ్ళు. కెఫే సొసైటీలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఇది మార్పు కాదా?

బెండకాయ_పులుసు
రేవతి గారూ, పాట గొప్పతనం మీద నాకు పేచీ లేదు. కానీ అలాంటి హత్యల్ని ఫెడరల్ నేరంగా చేసిన చట్టం ఎప్పుడొచ్చింది? 2022లో, అలా హత్యకి గురైన నల్ల కుర్రాడు ఎమ్మెట్ టిల్ పేరు మీద. పాట 1939, చట్టం 2022. మీరే తీసివేత వేసుకోండి.

రేవతి_బ్రూక్లిన్
బిల్లు వచ్చిన ప్రతిసారీ తొక్కిపెట్టింది సెనేట్లో కూర్చున్న దక్షిణాది పెద్దమనుషులు. వాళ్ళు చెయ్యని పనికి పాటని బోనెక్కిస్తారేంటి?

లెక్కల_మాస్టారు
ఇద్దరూ పాటలో ఏముందో చూస్తున్నారు. పాటని ఏ అరలో పెట్టి అమ్మారో చూడండి, అసలు రాజకీయం అక్కడుంది.

1920లో నల్లజాతి గాయని మేమీ స్మిత్ 'క్రేజీ బ్లూస్' పాడితే ఓకే కంపెనీ రికార్డు వేసింది. విపరీతంగా అమ్ముడుపోయింది. అప్పటిదాకా నల్లవాళ్ళు డబ్బిచ్చి రికార్డు కొంటారని కంపెనీలకి తట్టలేదు. తట్టగానే ఏం చేశారు? 'రేస్ రికార్డ్స్' అని వేరే కేటలాగు పెట్టారు. పల్లెటూరి తెల్లవాళ్ళ పాటలకి, అంటే తర్వాత కంట్రీ అన్నవాటికి, ఇంకో కేటలాగు. అవే ఊళ్ళు, చాలావరకు అవే వాయిద్యాలు, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్న పాటలు. బ్యాంజో ఆఫ్రికా నుంచి బానిసలతో వచ్చిన వాయిద్యం. చివరికి అది తెల్లవాళ్ళ అరలో తేలింది. 1949లో బిల్‌బోర్డ్ పత్రికలో పనిచేసే జెర్రీ వెక్స్‌లర్ 'రిథమ్ అండ్ బ్లూస్' అనే పేరు పెడితే చార్టు బోర్డు మారింది. గోడ అలాగే ఉంది.

లెక్కల_మాస్టారు
ఇంకొక్కటి, ఇది తక్కువమందికి తెలుసు. నాష్‌విల్‌లో 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' అని కంట్రీ పాటల రేడియో కార్యక్రమం, ఇప్పటికీ నడుస్తోంది. 1927లో ఆ పేరు మొదటిసారి మైకులో పలికిన రాత్రి వాయించినవాడు డిఫోర్డ్ బెయిలీ. మౌతార్గాన్ మీద రైలు వెళ్తున్నట్టే వినిపించేవాడు. నల్లవాడు, బానిసగా పుట్టిన తాతకి మనవడు. కంట్రీకి దేవాలయం లాంటి చోట మొదటి తారల్లో ఒకడు.

1941లో తీసేశారు. ఎందుకు? ఆస్కాప్ అనే పాటల హక్కుల సంఘం రేట్లు పెంచింది. రేడియో వాళ్ళు అలిగి బీఎంఐ అని సొంత సంఘం పెట్టుకుని, ఆస్కాప్ పాటలు గాలిలోకి వదలడం మానేశారు. బెయిలీకి పేరు తెచ్చిన పాటలు ఆస్కాప్‌లో ఉన్నాయి. ఆయన ఆ తర్వాత నాష్‌విల్‌లోనే బూట్లు పాలిష్ చేసే కొట్టు పెట్టుకుని బతికాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది 2005లో, పోయిన చాలా ఏళ్ళకి. వింత ఏంటంటే, అదే గొడవ వల్ల ఆస్కాప్ పట్టించుకోని కంట్రీ, బ్లూస్ రచయితలకి బీఎంఐ తలుపు తెరుచుకుంది. ఒకే దెబ్బకి ఒకడు రోడ్డున పడ్డాడు, వందలమంది రేడియోలోకి వచ్చారు. దీన్ని పోరాటం అంటారా, వ్యాపారం అంటారా?

కరీంనగర్_టు_చికాగో
మాస్టరూ, మీరు కొట్టు లెక్క చెప్తున్నరు గని రైలు లెక్క ఇడిసిపెట్టిన్రు. 1910 నుంచి 1970 దాకా దగ్గర దగ్గర 60 లక్షల మంది నల్లవాళ్ళు దక్షిణాది ఇడిసి ఉత్తరానికి, పడమరకు పోయిన్రు. బ్లూస్ పాడే మడ్డీ వాటర్స్‌నే చూడున్రి. మిసిసిపీల స్టోవల్ పత్తి చేన్ల ట్రాక్టర్ నడిపేటోడు. 1941ల జానపద పాటలు జమజేసే అలన్ లోమాక్స్ మిషిన్ పట్టుకొని పోయి ఆయన పాట రికార్డ్ చేసిండు. అప్పటికి ఉత్త కట్టె గిటారే. 1943ల రైలెక్కి చికాగో వచ్చిండు. పగలు ఫ్యాక్టరీ పని, రాత్రి బార్లల్ల పాట. ఆ బార్లల్ల లొల్లి ఎట్లుంటదో ఎరికే గదా, తాగినోళ్ళ మాటలల్ల కట్టె గిటారు ఎవనికి ఇనొస్తది? అందుకే కరెంటు గిటారు పట్టిండు. తర్వాత ఆ సప్పుడు ఇని ఇంగ్లండ్ పోరగాళ్ళు బ్యాండ్లు పెట్టిన్రు, ఒక బ్యాండు ఆయన పాట పేరే పెట్టుకున్నది.

ఆయన ఊరి పక్కన్నే హాప్సన్ అని ఇంకో పత్తి తోట. 1944ల అక్కడ ఇత్తనం ఏసిన కాడికెల్లి పత్తి ఏరేదాంక మొత్తం మిషిన్లతోనే పంట తీసిన్రు. కూలోళ్ళ అక్కెర తీరిపోయింది. బ్లూస్‌కు కరెంట్ పెట్టింది రాజకీయం గాదు, పత్తి ఏరే మిషిను అంటా నేను.

పాతపాటలపిచ్చి
పత్తి మిషిను ఒక్కటే అయితే అందరూ పక్క రాష్ట్రంలో పని చూసుకునేవారు. ఊరొదిలి పారిపోవడానికి రేవతి గారు చెప్పిన చెట్లు కూడా కారణమే.

కరీంనగర్_టు_చికాగో
గది గూడ నిజమే అన్నా.

న్యూజెర్సీ_నాని
ఇంతసేపైనా రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పేరు రాలేదంటే ఈ ఫోరం మీద గౌరవం పెరిగింది.

రాకర్_ఆఫ్_రాయచోటి
వచ్చె చూడు. ముందే చెప్తాండా, ఎల్విస్‌ని దొంగ అంటే నేను ఊరుకోను. పేదింట్లో పుట్టినోడు, చర్చి పాటలు, మెంఫిస్ బీల్ స్ట్రీట్ పాటలు ఇని పెరిగినోడు. 'హౌండ్ డాగ్' నల్లోళ్ళ పాట, ఎత్తుకుపోయినాడు అంటారు అందరూ. రాసింది ఎవరు? లైబర్, స్టోలర్ అని ఇద్దరు యూదు పిల్లోళ్ళు. 1952లో నల్ల గాయని బిగ్ మామా థార్న్‌టన్ రికార్డు చేసేటప్పుడు వాళ్ళకి పందొమ్మిదేండ్లు.

పాతపాటలపిచ్చి
రాసింది ఎవరైనా ప్రాణం పోసింది ఆవిడ. ఆ గొంతులో మొగాణ్ణి ఇంట్లోంచి తరిమేస్తున్న ఆడదాని కోపం ఉంది. ఎల్విస్ దాకా వచ్చేసరికి మాటలు మార్చేసి నిజంగానే కుక్క పాట చేశారు. 1953లో ఆవిడది ఏడు వారాలు నంబర్ వన్, కానీ ఆర్ అండ్ బీ, అంటే రిథమ్ అండ్ బ్లూస్ చార్టులో. 1956లో ఆయన రికార్డు పదకొండు వారాలు, పాప్ చార్టులో. ఆవిడ చేతికి వచ్చింది ఓ 500 డాలర్లని చెప్పుకుంది. ఎల్విస్ మొదటి రికార్డు 'దట్స్ ఆల్ రైట్' రాసిన ఆర్థర్ క్రూడప్ అయితే రాయల్టీ కోసం తిరిగి తిరిగి 1974లో పోయాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

లెక్కల_మాస్టారు
ఏడు వారాలు ఒక చార్టులో, పదకొండు వారాలు ఇంకో చార్టులో. నేను అర అన్నది ఇదే.

రాకర్_ఆఫ్_రాయచోటి
క్రూడప్ డబ్బు తిన్నది ఎల్విస్ కాదు, హక్కులు చేతిలో పెట్టుకున్నోళ్ళు. కోపం ఉంటే తెల్ల గాయకుడు ప్యాట్ బూన్ మీద చూపించండి. నల్లోడైన లిటిల్ రిచర్డ్ పాట 'టూటీ ఫ్రూటీ' ఆ మనిషి పాడితే ఇడ్లీలో ఉప్పు మర్చిపోయినట్టుంటాది, పాప్ చార్టులో మాత్రం లిటిల్ రిచర్డ్ కంటే పైన ఎక్కినాడు.

న్యూజెర్సీ_నాని
😂 ఇడ్లీకి క్షమాపణ చెప్పండి.

అట్లాంటా_అత్తయ్య
బెండకాయ పులుసు గారు ఒక్క కేసు చూపించమన్నారు కదా, రికార్డులు, చార్టులు కాసేపు పక్కన పెట్టండి బాబూ. మా జార్జియాలోనే ఆల్బనీ అని ఊరుంది. 1961 చివర్లో నల్లవాళ్ళని తెల్లవాళ్ళ నుంచి విడదీసే వేరుపాటు చట్టాల మీద అక్కడ ఉద్యమం లేచింది. వందల మందిని జైల్లో వేశారు. బెర్నీస్ జాన్సన్ అనే అమ్మాయి, తర్వాత పెద్ద గాయని, చరిత్రకారిణి అయింది, అప్పుడు ఆల్బనీ స్టేట్ కాలేజీలో చదువుతోంది. ఊరేగింపులో పాల్గొన్నందుకు కాలేజీ తీసేసింది. ఆ ఊళ్ళో పోలీసు ఛీఫు లారీ ప్రిచెట్. నన్నెవరూ వెనక్కి తిప్పలేరు అని చర్చిలో పాడుకునే పాత పాట ఒకటుంది. ఆ 'ఎవరూ' అన్న చోట ఛీఫ్ ప్రిచెట్ పేరు పెట్టి, ఆయన ఎదుటే పాడారు. రేపు మేయరు అడ్డొస్తే మేయరు పేరు పడుతుంది. పాట అంతే, పేరు మారుతుంది.

'వియ్ షల్ ఓవర్‌కమ్' (మేం గెలిచి తీరతాం) కూడా అలా చేతులు మారి మారి వచ్చిందే. మొదట చర్చి పాట. 1945లో సౌత్ కరొలైనా చార్ల్‌స్టన్‌లో సిగార్ ఫ్యాక్టరీలో సమ్మె చేసిన నల్లజాతి ఆడవాళ్ళు పికెట్ లైన్లో పాడారు. వాళ్ళ దగ్గర్నుంచి టెనెసీలో హైలాండర్ అనే ఉద్యమకారుల శిక్షణ కేంద్రానికి చేరింది. 1959లో అక్కడ రాత్రిపూట పోలీసులు దాడి చేశారు, కరెంటు తీసేశారు. మాంట్‌గోమరీ నుంచి వచ్చిన జమీలా జోన్స్ అనే చిన్నపిల్ల చీకట్లో ఆ పాటకి కొత్త చరణం ఎత్తుకుంది: మాకు భయం లేదు అని. అందరూ అందుకున్నారు. అంత గట్టిగా పాడాలా అని ఒక పోలీసు అడిగాడని, అతని చెయ్యి వణకడం చూశానని ఆవిడ తర్వాత చెప్పింది. 1960 ఏప్రిల్లో రాలీలో విద్యార్థుల సభలో హైలాండర్ గాయకుడు గై కారవాన్ నేర్పాడు, అక్కడ్నుంచి దక్షిణాదంతా పాకింది. 1965 మార్చిలో, సెల్మా వంతెన మీద జనాన్ని చితకబాదిన వారానికి, ప్రెసిడెంట్ జాన్సన్ కాంగ్రెస్‌లో నిలబడి ఓటు హక్కు బిల్లు గురించి మాట్లాడుతూ ఆ మూడు మాటలూ అన్నాడు. ఆగస్టులో చట్టం అయింది.

రేవతి_బ్రూక్లిన్
అత్తయ్య గారూ 🙏

న్యూజెర్సీ_నాని
దీనికి ఒక తోక తగిలిస్తా. ఓటు హక్కు చట్టం 1965 ఆగస్టు 6. అదే కాంగ్రెస్, అదే ప్రెసిడెంట్, అక్టోబర్ 3న ఇమ్మిగ్రేషన్ చట్టం. దేశాన్ని బట్టి వేసే కోటాలు అప్పుడే పోయాయి. అంతకు ముందు ఇండియా మొత్తానికి ఏడాదికి 100 మంది. పెద్ద తరం తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు ఆ తలుపులోంచే వచ్చారు. పార్టీల్లో కూర్చుని నల్లవాళ్ళ మీద జోకులేసే మన అంకుల్స్‌కి ఎవరైనా ఇది చెప్పండి.

ధూళిపాళ_దేశి
మా స్కూల్లో ప్రతి ఆగస్టు 15కీ అత్తయ్య గారు చెప్పిన ఆ పాటే హిందీలో పాడించేవారు. అమెరికా పాటని అప్పుడెవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాళ్ళం కాదు.

బెండకాయ_పులుసు
అత్తయ్య గారి కేసు గట్టిది. కానీ ఒక్కటి గమనించండి, అది అమ్మకానికి పెట్టిన పాట కాదు. నేను అడిగేది బజారు పాట గురించి, డబ్బు పెట్టి కొనే పాట.

పాతపాటలపిచ్చి
అయితే సామ్ కుక్, నల్లజాతి గాయకుడు. అమ్ముడుపోవడమే వృత్తిగా పెట్టుకున్నవాడు. చర్చి పాటల్లోంచి పాప్‌లోకి వచ్చాడు, తెల్ల కుర్రపిల్లలు కూడా ఆయన ప్రేమపాటలు కొనేవారు. సొంత లేబుల్, సొంత పబ్లిషింగ్ కంపెనీ పెట్టుకున్న తెలివైన వ్యాపారి. 1963 అక్టోబర్లో లూసియానా ష్రీవ్‌పోర్ట్‌లో భార్యతో, మనుషులతో హాలిడే ఇన్ హోటల్‌కి వెళ్తే, ముందే బుక్ చేసిన గదులు లేవన్నారు. ఆయన అక్కడే కారు హారన్ మోగిస్తూ గొడవ చేశాడు. అరెస్టు చేశారు. అప్పటికే బాబ్ డిలాన్ 'బ్లోయింగ్ ఇన్ ది విండ్' విని, ఇలాంటిది ఒక తెల్ల కుర్రాడు రాయడమేంటి, మనలోంచి రావాలి కదా అని మథనపడుతున్నాడు. 1964 జనవరిలో 'ఎ చేంజ్ ఈజ్ గాన కమ్' రికార్డు చేశాడు. ఆ డిసెంబర్లో కాల్పుల్లో చనిపోయాడు. ఆయన పోయాక పాట సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా వచ్చింది. అందులో సినిమాకి, ఊళ్ళోకి వెళ్తే ఇక్కడ తిరగకు అంటారనే చరణం ఒకటుంది, రేడియోకి పంపిన సింగిల్‌లో దాన్ని కోసేశారు.

బెండకాయ_పులుసు
చూశారా! బజారుకి వచ్చేసరికి సరిగ్గా ఆ చరణమే పోయింది. మీరు నా పక్షం వాదిస్తున్నారు.

పాతపాటలపిచ్చి
కోస్తే ఆగిందా? కోసిన చరణం ఈరోజు ఫోన్లో అందరూ వింటున్నారు. ష్రీవ్‌పోర్ట్ మేయరు 2019లో కుటుంబానికి క్షమాపణ చెప్పాడు.

ట్రాయ్_మిషిగన్_తాతినేని
డెట్రాయిట్ గురించి ఎవరూ మాట్లాడకపోతే ఎలా? మా ఇంటికొచ్చిన చుట్టాలందర్నీ నేను మోటౌన్ అనే రికార్డు కంపెనీ మ్యూజియంకి తీసుకెళ్తా. వెస్ట్ గ్రాండ్ బుల్‌వార్డ్ మీద మామూలు ఇల్లు. ముందు గదిలో ఆఫీసు, వెనకాల గరాజు దగ్గర స్టూడియో, పైన కాపురం. గొంతుకి ప్రతిధ్వని కావాలంటే పైకప్పులో కన్నం పెట్టి అటకని వాడుకున్నారు. ఆ కన్నం కింద నిలబెట్టి చప్పట్లు కొట్టమంటారు, గుయ్యిమంటుంది. బెర్రీ గోర్డీ ఇంట్లోవాళ్ళ దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని 1959లో మొదలెట్టాడు. అంతకుముందు లింకన్-మెర్క్యురీ కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను మీద పనిచేశాడు. పాటల్ని కూడా అలాగే తయారు చేశాడు. వారం వారం మీటింగు పెట్టి ఏది బయటికి వెళ్ళాలో ఓట్లు వేయించేవాడు. పాడే పిల్లలకి ఎలా నడవాలి, ఎలా కూర్చోవాలి అని నేర్పడానికి మాక్సిన్ పవెల్ అని ఒకావిడని పెట్టాడు, రాజుల ముందు పాడటానికి తయారుగా ఉండాలనేది ఆవిడ.

తెల్ల ఇళ్ళలోకి ఆ గొంతులు వెళ్ళాయంటే ఈ పాలిషే కారణం. 1967 జులైలో అల్లర్లలో మా ఊరు తగలబడింది, 43 మంది పోయారు. ఆ తర్వాత కూడా గోర్డీ రాజకీయం పాటలో వద్దనే అన్నాడు. మోటౌన్ గాయకుడు మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' తెస్తే అస్సలు నచ్చలేదు. ఆ పాటకి మొదటి ముక్క తెచ్చింది ఫోర్ టాప్స్ గాయకుడు ఓబీ బెన్సన్, 1969లో బర్క్‌లీలో పోలీసులు కుర్రాళ్ళని కొట్టడం చూసి. మార్విన్ తమ్ముడు వియత్నాం నుంచి వచ్చి చెప్పినవి కలిశాయి. 1971 జనవరిలో సింగిల్ విడుదల చేస్తే ఎగబడి కొన్నారు. అప్పుడు గోర్డీయే వచ్చి ఆల్బం ఎప్పుడిస్తావని అడిగాడు. 1972లో కంపెనీని లాస్ ఏంజెల్స్‌కి మార్చేశాడు, మా ఊరికి ఇల్లు మిగిలింది.

బెండకాయ_పులుసు
తాతినేని గారూ, అమ్ముడుపోయాక ఇష్టపడ్డాడు. ఇదే నా మాట.

ట్రాయ్_మిషిగన్_తాతినేని
అదే గోర్డీ 1963లో మార్టిన్ లూథర్ కింగ్ డెట్రాయిట్లో ఇచ్చిన ఉపన్యాసాన్ని రికార్డుగా వేశాడు సార్. వ్యాపారి అంటే ఒక్క రంగే ఉంటుందనుకోకండి.

డాలస్_దొర
అన్నీ వామపక్షం వాళ్ళ కథలే నడుస్తున్నాయి. కంట్రీ వినేవాణ్ణి ఒకణ్ణి ఉన్నా. 1969లో మెర్ల్ హాగర్డ్ 'ఓకీ ఫ్రమ్ మస్కోగీ' హిప్పీల మీద ఎగతాళి, జనం గుండెలకి హత్తుకున్నారు. వాళ్ళూ జనమే. 1970లో ప్రెసిడెంట్ నిక్సన్ కంట్రీ గాయకుడు జానీ క్యాష్‌ని వైట్‌హౌస్‌కి పిలిచి అది పాడమన్నాడు, సంక్షేమ పథకాల మీద వెటకారం పాట ఇంకోటి కూడా. క్యాష్ ఆ రెండూ రావని చెప్పి, యువకుల తరఫున ప్రశ్నలడిగే తన పాట పాడాడు. నేను హాగర్డ్ పార్టీ, అయినా ఈ కథలో క్యాష్‌కే దండం పెడతా.

రేవతి_బ్రూక్లిన్
దొర గారూ, మరి 2003?

డాలస్_దొర
అడుగుతారని తెలుసు. డిక్సీ చిక్స్ అనే కంట్రీ బ్యాండు మా టెక్సాస్ అమ్మాయిలే. ఇరాక్ యుద్ధానికి ముందు మార్చిలో లండన్ వేదిక మీద వాళ్ళ గాయని నటాలీ మేన్స్ ప్రెసిడెంట్ బుష్ మా రాష్ట్రం వాడైనందుకు సిగ్గుపడుతున్నామంది. అప్పుడు వాళ్ళ పాట కంట్రీ చార్టులో నంబర్ వన్. స్టేషన్లు వరసగా ఆపేశాయి, పాట కిందకి జారిపోయింది. లూసియానాలో జనం సీడీలు తెచ్చి పడేస్తే వాటి మీద ట్రాక్టర్ తొక్కించారు. నాకు అది నచ్చలేదు. 2007లో ఐదు గ్రామీ సంగీత అవార్డులు ఇచ్చారు, కంట్రీ రేడియో మాత్రం మళ్ళీ దగ్గరకి తియ్యలేదు.

లెక్కల_మాస్టారు
1996 టెలికం చట్టం ఒక కంపెనీ ఎన్ని రేడియో స్టేషన్లు కొనొచ్చు అన్న జాతీయ పరిమితి ఎత్తేసింది. ఒక్క కంపెనీ చేతిలోకే వెయ్యికి పైగా స్టేషన్లు వచ్చాయి. స్టేషన్లు కొద్దిమంది చేతుల్లో ఉన్నప్పుడు పాట ఆపాలంటే పెద్ద కష్టం లేదు.

కరీంనగర్_టు_చికాగో
రికార్డులు పగలగొట్టుడు అంటే మా ఊరి ముచ్చట చెప్పాలె. 1979 జులై 12, కామిస్కీ పార్క్. వైట్ సాక్స్ బేస్‌బాల్ మ్యాచ్‌లు, ఒకే రోజు రెండు. డిస్కో రికార్డు ఒకటి తెస్తే టికెట్ 98 సెంట్లు. రెండు మ్యాచ్‌ల నడుమ రేడియో డీజే స్టీవ్ డాల్ మైదానంల రికార్డుల పెట్టె పేల్చేసిండు. వేల మంది లోపటికి ఉరికిన్రు, రెండో మ్యాచ్ రద్దయింది. అక్కడ సీట్లు చూపించే అషర్‌గ పనిచేసే విన్స్ లారెన్స్ అనే నల్ల పోరడు, తెచ్చిన రికార్డులు చూస్తే డిస్కో ఒక్కటే గాదు, మార్విన్ గే లాంటోళ్ళయి గూడ ఉన్నయని చెప్పిండు. డిస్కో అంటే అప్పుడు నల్లోళ్ళు, లాటినోలు, గేలు ఆడే పాట. వాళ్ళ కోపం సంగీతం మీదనా, ఆ మనుషుల మీదనా?

గదే విన్స్ లారెన్స్ కొన్నేండ్లకు చికాగోల హౌస్ మ్యూజిక్ మొదటి రికార్డులు తీసినోళ్ళల్ల ఒకడు. ఇయ్యాల మన పెండ్లి సంగీత్‌లల్ల డీజే కొట్టే ఆ ధన్ ధన్ ధన్, దాని తాత ఈ ఊరోడే.

పాతపాటలపిచ్చి
బ్రాంక్స్ గురించి నేను రాస్తే రేవతి గారు ఒప్పుకోరు. వదిలేస్తున్నా.

రేవతి_బ్రూక్లిన్
బ్రూక్లిన్ వేరు, బ్రాంక్స్ వేరు మహాప్రభో. అయినా రాస్తా. న్యూయార్క్‌లో రోడ్లు కట్టించిన అధికారి రాబర్ట్ మోజెస్ క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే కోసం ఇళ్ళు కూల్చి వేలమందిని ఖాళీ చేయించాడు. డెబ్బైల్లో ఇన్సూరెన్సు డబ్బు కోసం బిల్డింగులు తగలబడుతున్నాయి. ఆ రోడ్డు పక్కనే 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ. 1973 ఆగస్టు 11న ఆ అపార్టుమెంటు రిక్రియేషన్ రూములో సిండీ క్యాంప్‌బెల్ స్కూలు తెరిచే ముందు బట్టలు కొనుక్కోవడానికి పార్టీ పెట్టింది. ఆడపిల్లలకి 25 సెంట్లు, మగపిల్లలకి 50. రికార్డులు తిప్పింది వాళ్ళన్న, జమైకా నుంచి వచ్చిన డీజే కూల్ హెర్క్. జనం ఏ ముక్కకి ఎక్కువ ఊగుతున్నారో చూసి, పాటలో డ్రమ్ము ఒక్కటే మోగే ఆ ముక్కని రెండు రికార్డుల మీద మార్చి మార్చి సాగదీశాడు. హిప్‌హాప్ పుట్టిన రోజు అంటే దీన్నే చెప్తారు. రాజకీయ నినాదం ఒక్కటీ లేదు, కొత్త బట్టల కోసం పెట్టిన పార్టీ. 1982లో 'ది మెసేజ్' వచ్చేదాకా ఆ వీధి సంగతి రేడియోకి ఎక్కలేదు.

లెక్కల_మాస్టారు
నా ముక్క ఒకటి. 1991 మే దాకా బిల్‌బోర్డ్ ఆల్బం చార్టు అంటే రికార్డు కొట్టువాళ్ళు ఫోన్లో ఏది బాగా పోతోందో చెప్పడమే. ఆ నెల 25 సంచిక నుంచి బార్‌కోడ్ లెక్క మొదలైంది. నెల తిరిగేసరికి నంబర్ వన్ ఎవరు? ఎన్.డబ్ల్యూ.ఏ. రెండేళ్ళ ముందు పోలీసుల మీద పాటకి ఎఫ్‌బీఐ నుంచి ఉత్తరం అందుకున్న ర్యాప్ గ్రూపు. సెప్టెంబర్లో గార్త్ బ్రూక్స్ ఆల్బం వస్తూనే పైకెక్కింది, కంట్రీకి అది మొదటిసారి. ర్యాప్ కొనేవాళ్ళు, కంట్రీ కొనేవాళ్ళు ముందునుంచీ ఉన్నారు. లెక్కపెట్టేవాడు వాళ్ళని చూడలేదు.

డాలస్_దొర
మా గార్త్‌ని మాస్టారు మెచ్చుకున్నారు, స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

అట్లాంటా_అత్తయ్య
మా చిన్నాడి కారెక్కితే ఆ ర్యాప్ బూతులు వినలేక చస్తున్నా. నలుపు తెలుపు స్టిక్కరు ఒకటి ఉంటుంది కదా, పిల్లలకి జాగ్రత్త అని. అది చూపిస్తే "అమ్మా, ఆ స్టిక్కరుకి కూడా హిస్టరీ ఉంది" అని మొదలెడతాడు. 1985లో సెనేటర్ల భార్యలు పాటల మీద ఫిర్యాదు చేస్తే విచారణ పెట్టారట, ఫ్రాంక్ జాపా, జాన్ డెన్వర్ వెళ్ళి వాదించారట. జాన్ డెన్వర్! అంత సాధువు కూడా సెన్సార్ వద్దన్నాడంటే ఇంక నేనేం మాట్లాడను. కానీ కారులో వాల్యూమ్ నా చేతిలో ఉంది.

ధూళిపాళ_దేశి
అత్తయ్య గారికి చెప్పండి, ఆ బూతులు పాడేవాళ్ళలో కెండ్రిక్ లమార్‌కి 2018లో పులిట్జర్ బహుమతి ఇచ్చారు. 2015లో ఆయన 'ఆల్‌రైట్' పోలీసు హత్యల మీద ఊరేగింపుల్లో జనం పాడారు. ఇది డబ్బు పెట్టి కొనే పాటే, బెండకాయ గారూ.

అట్లాంటా_అత్తయ్య
మా చిన్నాడు నువ్వేనా కొంపదీసి?

న్యూజెర్సీ_నాని
😂😂

బెండకాయ_పులుసు
దేశి గారి కేసు రాసుకున్నా. అయితే ఒకటి. అత్తయ్య గారి ఆల్బనీలోనూ, మీ ఊరేగింపులోనూ పాట పనిచేసింది జనం నోట్లో. మిగతా సగం థ్రెడ్డు ఎవరికి డబ్బొచ్చింది, ఎవరికి రాలేదు అన్న కథ.

లెక్కల_మాస్టారు
ఆ సగమే నాకు ముఖ్యం. 2019లో నల్లజాతి కుర్రాడు లిల్ నాస్ ఎక్స్ పాట 'ఓల్డ్ టౌన్ రోడ్' కంట్రీ చార్టులోకి ఎక్కితే, ఇందులో కంట్రీ పాళ్ళు చాలవని బిల్‌బోర్డ్ తీసేసింది. అదే పాట అన్ని పాటల చార్టులో 19 వారాలు నంబర్ వన్. 2024లో బియాన్సే కంట్రీ ఆల్బం తీస్తే కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఒక్క నామినేషన్ ఇవ్వలేదు, తర్వాతి ఫిబ్రవరిలో గ్రామీ వాళ్ళు ఆ ఏడాది ఉత్తమ ఆల్బం అన్నారు, ఉత్తమ కంట్రీ ఆల్బం కూడా. అందులో బ్యాంజో వాయించింది రియానన్ గిడెన్స్, నల్లజాతి ఆవిడ. 1920ల్లో కట్టిన అర ఇంకా అమ్మకానికి ఉంది.

డాలస్_దొర
బియాన్సేది కంట్రీ కాదు మాస్టారూ. రంగు గురించి కాదు, ఆ డ్రమ్ములు విని చెప్తున్నా.

లెక్కల_మాస్టారు
గార్త్ బ్రూక్స్ ఆల్బంలో బిల్లీ జోయెల్ పాట ఉంది. దానికి ఎవరూ పాళ్ళు కొలవలేదు.

డాలస్_దొర
అది... సరే, రాత్రి విని రాస్తా.

ధూళిపాళ_దేశి
సామ్ కుక్ పాటలో కోసేసిన చరణం ఉన్న రికార్డు ఎలా గుర్తుపట్టాలి? యాప్‌లో చాలా కనిపిస్తున్నాయి.

పాతపాటలపిచ్చి
'ఎయింట్ దట్ గుడ్ న్యూస్' ఆల్బంలోది వేసుకో. మూడు నిమిషాలు దాటుతుంది. సినిమా మాట వస్తే అదే.

రాకర్_ఆఫ్_రాయచోటి
ఎల్విస్ మీద వేరే థ్రెడ్ తీసినా. థార్న్‌టన్ పార్టీ వాళ్ళు అక్కడికి రాండి, ఈడ జాగా చాలదు.